నల్లమల వాకిట్లో అతిథి

తెలుగులో యాత్ర అనే మాటకూ విహారం అనే మాటకూ మధ్య చాలా దూరం ఉన్నది. యాత్రకు బయలుదేరిన మనిషి ఒక నియమానికి కట్టుబడతాడు. ఒంటిపూట భోజనం, నేలమీద పడక, కాలినడక, దారిలో ఎదురైన వారితో మంచిమాట, ఇవన్నీ యాత్రలో భాగాలే. విహారానికి వెళ్లిన మనిషికి అటువంటి కట్టుబాటు ఏదీ లేదు. ఇంట్లో అనుభవించే సౌఖ్యాన్ని అతడు వెంట తీసుకొనిపోవాలని కోరుకొంటాడు. అది దొరకని చోట చిన్నబుచ్చుకొంటాడు. మన పెద్దలు తీర్థానికి పోయి వచ్చినవారి కాళ్లు కడిగి నీళ్లు నెత్తిన చల్లుకొనేవారు. కొండ ఎక్కి ఫోటో దిగి వచ్చినవాడి కాళ్లు ఎవరూ కడగరు!

నేడు ప్రపంచమంతటా సుస్థిర పర్యాటకం అనే మాట వినబడుతున్నది. ఐక్యరాజ్యసమితి 2017వ సంవత్సరాన్ని అంతర్జాతీయ సుస్థిర పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. వెళ్లిన చోట నీటినీ, చెట్టునూ, జంతువునూ, అక్కడి మనుషుల మర్యాదనూ చెడగొట్టకుండా, మనం ఖర్చుపెట్టే డబ్బు వీలైనంతవరకు ఆ ఊరివారికే చెందేటట్లు ప్రయాణించడం దాని సారాంశం. మాట కొత్తదే గాని, అందులో సగం మన పాత యాత్రా నియమాలలోనే ఉన్నది. మిగిలిన సగం, అంటే ఆతిథ్యమిచ్చిన వారికి చివరకు ఏమి దక్కుతున్నది అన్న ప్రశ్న, మన యాత్రికులు అంతగా వేసుకోలేదు. ఈ రెండు సగాలనూ కలిపి ఆలోచించడానికి నాకు అవకాశమిచ్చిన నేల పశ్చిమ ప్రకాశం.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కాని సముద్రపు గాలి తగిలే ఒంగోలుకూ, నల్లమల నీడలో ఉన్న ఈ తాలూకాలకూ మాటతీరులోనూ పంటలలోనూ పోలిక తక్కువ. ఇక్కడ వాన తక్కువ, బావులు లోతు, పలుగ్రామాలలో తాగునీటికి ఫ్లోరైడ్ బాధ. మార్కాపురం అనగానే నా వయసు వారికి గుర్తుకు వచ్చేది పలక. ఈ నేల కడుపులోని నల్లరాయిని పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రంలో బిగిస్తే, దాని మీద లక్షలమంది పిల్లలు ఓనమాలు దిద్దారు. పలకల కాలం దాదాపు గడిచిపోయింది. ఇప్పుడు ఆ రాయి గోడలకు, నేలకు అలంకారంగా దేశదేశాలకు పోతున్నది. శ్రీశైలం వెళ్లేవారు ఈ ఊరి చెన్నకేశవస్వామి గోపురాన్ని బస్సు కిటికీలోంచి చూసి, చేతులు జోడించి, ముందుకు సాగిపోతారు. ఇక్కడ దిగి చూడడానికి ఏముంది అని చాలామంది నన్ను అడిగారు. అడిగినవారిలో ఈ ఊరివారు కూడా ఉన్నారు.

దిగి చూడవలసిన వాటిలో నేను మొదట చెప్పేది కంభం చెరువు. నల్లమలలో పుట్టి వచ్చే గుండ్లకమ్మను, రెండు కొండల నడుమ ఉన్న ఇరుకు కనుమలో, ఒక కట్టతో నిలిపివేశారు. ఇంతే దాని నిర్మాణ రహస్యం. కొండలు రెండూ అటూ ఇటూ కట్ట పని చేస్తుంటే, మనిషి కట్టవలసింది మధ్యనున్న సందు మాత్రమే. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీనిని కట్టించిందని చెబుతారు. నిర్మాణకాలం 1522-24 అని పేర్కొంటారు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే సంవత్సరం కడప సీమలోని పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు-కడప కాలువకు కూడా ఆ గౌరవం దక్కింది. రాయలనాటి దేవాలయాలలో కొన్ని శిథిలమై చూపరుల కోసమే మిగిలాయి. ఈ చెరువు మాత్రం అయిదు వందల ఏళ్లుగా కొలువులోనే ఉన్నది. నిండిన ఏడు నేటికీ పొలాలకు నీరిస్తున్నది.

ఒక కార్తీకమాసపు సాయంకాలం నేను ఆ కట్ట మీద నడిచాను. అవతలి కొండ నీడ నీళ్లలో పొడుగ్గా పడి ఉన్నది. కొంగలు నీటి అంచున నిలబడి ధ్యానం చేస్తున్నట్లున్నాయి. కట్ట మీద ఒక మూల కాగితం పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు కుప్పగా పడి ఉన్నాయి; కార్తీక వనభోజనాల శేషం. గట్టున గేదెలను తోలుకొని వస్తున్న ఒక వృద్ధ రైతుతో మాట కలిపాను. ఇక్కడ పడవలు, హోటళ్లు వస్తే ఊరు బాగుపడుతుందేమో అన్నాను.

ఆయన కాసేపు నీళ్ల వంక చూసి, "నీళ్లుంటే మీరు రాకపోయినా మాకేం దిగులు లేదు సారూ. నీళ్లు లేనప్పుడు మీరొచ్చి చూసేదేముంది?" అన్నాడు.

"మరి వచ్చేవాళ్లను రావద్దంటావా పెద్దాయనా?" అని అడిగాను.

"రాకూడదని ఎందుకంటాం? రండి. చెరువును చెరువు మాదిరిగా చూసిపొండి."

పర్యాటక శాఖలు ప్రచురించే కరపత్రాలు ఎన్నో చదివాను గాని, ఈ మాటను వాటిలో ఎక్కడా చూడలేదు. ఒక స్థలం అక్కడివారికి దేనికి ఉపయోగపడుతున్నదో తెలుసుకొని, ఆ ఉపయోగానికి అడ్డురాకుండా చూడడం అని దాని అర్థం. కట్ట మీద నిలబడి సూర్యాస్తమయం చూసేవాడికి అది ఒక సరస్సు. కట్ట కింద మడి ఉన్నవాడికి అది ఏడాది తిండి. రెండో చూపు తెలిసినవాడు మొదటి చూపును కూడా ఎక్కువగానే ఆనందిస్తాడని నా అనుభవం.

కంభం నుండి గిద్దలూరు మీదుగా నంద్యాలకు పోయే రైలుమార్గం నల్లమలను అడ్డంగా దాటుతుంది. 1880వ దశకంలో సదరన్ మరాఠా రైల్వే వారు వేసిన మీటరు గేజి దారి ఇది. 1990వ దశకంలో దీనిని బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు అడవిలో కొంతమేర దారి మళ్లించారు. అప్పటినుండి దొరబావి లోయ మీద కట్టిన పాత ఎత్తు వంతెన రైళ్లు లేక ఒంటరిగా మిగిలిపోయింది. దిగువమెట్ట దాటగానే పట్టాలకు రెండువైపులా అడవి దగ్గరకు వస్తుంది. సొరంగంలో చీకటి పెట్టెలోకి వచ్చి కూర్చుంటుంది. అడవిని చూడదలచినవారికి ఇంతకంటె తేలికైన ప్రయాణం లేదు. ఒక రైలు వందలమందిని తీసుకొనిపోతుంది. ఎవరూ అడవిలో దిగరు, ఎవరూ వంటచేయరు, హారన్ ఒక్కటే కాసేపు వినబడి ఊరుకొంటుంది. కారులో పోవడమే గౌరవమనుకొనేవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

ఈ మార్గానికి సంబంధించి ఒక విచిత్రమైన కథ ఉన్నది. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నీలిరంగులో మెరిసే ఒక పెద్ద సాలీడును వర్ణించాడు. అది గుత్తి రైల్వే కలప అడితిలో దొరికింది. అందుచేత దానికి గుత్తి సాలీడు అనే పేరు వచ్చింది. ఆ తరువాత నూరేళ్లకు పైగా దాని జాడ తెలియలేదు. 2001లో శాస్త్రజ్ఞులు దానిని మళ్లీ చూశారు. చూసినది గుత్తిలో కాదు. నంద్యాల, గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో. నల్లమల దుంగలతోపాటు రైలెక్కి అది గుత్తికి చేరి ఉంటుందని వారి ఊహ. ముదురు చెట్ల తొర్రలలో కాపురముండే ఈ ప్రాణి, ప్రపంచంలో నుండి అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో చేరింది. దాని అందమే దానికి ముప్పు. విదేశాలలో దీనిని సీసాలలో పెట్టి పెంచుకొనేవారు ఉన్నారు. టిక్కెట్టు లేకుండా రైలెక్కిన ఆ సాలీడు వల్ల నాకు తెలిసినదేమంటే, అడవిలో నుండి మనం తెచ్చుకొనే కట్టెముక్కలో కూడా ఎవరిదో ఇల్లు ఉండవచ్చు. ఎండిన చెట్టు పనికిరాని చెట్టు అనే మన లెక్క దాని ప్రాణానికి వస్తుంది.

మార్కాపురం నుండి వాయవ్య దిక్కుగా వెళితే దోర్నాల. అక్కడినుండి శ్రీశైలం దాకా దారి పొడుగునా అడవే. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి తెచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అరణ్యం ఇది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఆవలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. అయినా ఈవలి భాగం ఒక్కటే దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణంలో అతి పెద్దది. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, నాలుగు కొమ్ముల జింక, అలుగు దీనిలో కాపురాలు. రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు ఈ ఘాట్ రోడ్డులో వాహనాలను అనుమతించరు. దోర్నాల వద్ద గేటు మూస్తారు.

గేటు మూసిన కొద్ది నిమిషాలకు కారులో వచ్చిన ఒక పెద్దమనిషి అక్కడి కాపలాదారుతో వాదించడం నేను విన్నాను. "దేవుడి దగ్గరికి పోతుంటే ఆపుతారా?" అని ఆయన గట్టిగా అడిగాడు. కాపలాదారు చేతిలోని టార్చిలైటు నేలవైపు దించి, "దేవుడు పొద్దున కూడా ఉంటాడు సారూ. రాత్రిపూట ఈ దారి వాటిది" అన్నాడు. పెద్దమనిషి గొణుక్కుంటూ కారు వెనక్కు తిప్పాడు. ఆ రాత్రి దోర్నాలలో ఒక చిన్న హోటలు యజమానికి నలుగురి భోజనం ఖర్చు కలిసివచ్చింది. అడవి పెట్టిన నియమం ఊరికి లాభించడం నాకు సంతోషం కలిగించింది.

పగటిపూట ఈ దారిలో కనబడేది మరొక దృశ్యం. మలుపు మలుపుకూ కోతుల గుంపులు రోడ్డు అంచున కూర్చుని ఉంటాయి. భక్తులు పుణ్యమనుకొని కార్లలోనుండి అరటిపండ్లు, బిస్కెట్లు విసురుతారు. కోతికి ఆకలి తీరింది కదా అని మనకు తృప్తి. కాని పండ్ల కోసం, చిగుళ్ల కోసం కొమ్మ కొమ్మా తిరిగి, గింజలు అడవంతా చల్లవలసిన కోతి రోడ్డుకు కట్టుబడిపోయింది. పిల్లను పొట్టకు కరిపించుకొని టైర్ల నడుమకు ఉరుకుతున్నది. బిస్కెట్టు పొట్లం మీది ప్లాస్టిక్‌ను ఉప్పదనానికి జింక నాకుతుంది. దీనికి దానం అని పేరు పెట్టడానికి నాకు మనసు రాదు.

ఈ దారిలోనే తుమ్మలబైలు ఉన్నది. అటవీశాఖ వారు ఇక్కడ అడవి చూపించే జీపులను ఏర్పాటు చేశారు. ఈ పనిలో చెంచులకు ఉపాధి కల్పించారు. నన్ను తీసుకొనిపోయిన చెంచు యువకునికి పాతికేళ్లు ఉంటాయి. తక్కువగా మాట్లాడేవాడు. ఎక్కగానే, "అరవగూడదు సారూ, ఏదీ కింద పారెయ్యగూడదు" అని రెండు మాటలు చెప్పి జీపు కదిలించాడు. తునికి, ఇప్ప, మద్ది, నారేప, వెదురు, చెట్టు చెట్టుకూ అతని దగ్గర ఒక మాట ఉన్నది. దుమ్ములో ఒక గీతను చూపి పాము పోయిన దారి అన్నాడు. చెట్టు బెరడు మీది గీరలను చూపి ఎలుగుబంటి తేనె కోసం ఎక్కిన గుర్తు అన్నాడు. మాకు అక్షరాలు ఎలాగో అతనికి ఈ గుర్తులు అలాగు. జీపులో వెనుక కూర్చున్న ఒకరు పదేపదే, పులి కనబడుతుందా అని అడుగుతున్నారు. "అది మనల్ని చూస్తానే ఉంటది సారూ. మనకే కనబడదు" అన్నాడతడు. ఆ రోజు మాకు పులి కనబడలేదు. ఒక కణితి, రెండు నెమళ్లు, లెక్కలేనన్ని చీమల పుట్టలు కనబడ్డాయి. డబ్బు దండుగ అయిందని వెనుక కూర్చున్నవారు అన్నారు. నాకు అలా అనిపించలేదు.

చెంచులు నల్లమల ఆదివాసులు. వేట, తేనె, గడ్డలు, అటవీ ఫలసాయం వారి పూర్వపు జీవనాధారం. శ్రీశైల మల్లన్నను వారు తమ అల్లుడిగా భావిస్తారు, చెంచు మల్లయ్య అని పిలుచుకొంటారు. అహోబిల నరసింహుడు పెళ్లాడిన చెంచులక్ష్మి కథ తెలియని తెలుగువారు లేరు. అంటే మనం మొక్కే దేవుళ్లిద్దరూ వారి ఇంటి అల్లుళ్లు! అయినా దేవుడి దగ్గరకు పోయే దారిలో వారి గూడెం వైపు తలతిప్పి చూసేవారు అరుదు. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త వారి మధ్య తిరిగి రచించిన గ్రంథం 1943లో వెలువడింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి తేనెను, ఇతర ఫలసాయాన్ని కొంటున్నది. అడవి అభయారణ్యమైనప్పుడు వేట నేరమైంది, పాత దారులలో అనేకం మూతపడ్డాయి. 2006 నాటి అటవీహక్కుల చట్టం వారి అనుభవహక్కులను కాగితం మీద గుర్తించింది. అడవిని కాపాడే శిబిరాలలో కాపలాదారులుగా, పులి అడుగుజాడలు పట్టేవారుగా ఇప్పుడు పనిచేస్తున్నవారిలో చెంచులు ఎందరో ఉన్నారు.

కొండ అంచున వేలాడే తేనెపట్టును కోసే పద్ధతిని నా మార్గదర్శి వివరించాడు. నారతో పేనిన తాడు కట్టుకొని ఒకడు లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టుకొనేవాడు దిగినవాని బావమరిది అయి ఉండాలట. చెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి గనుక అతడు తాడు వదలడని నమ్మకం. పట్టు మొత్తం కోయరు, కొంత ఈగలకు వదిలేస్తారు. గడ్డ తవ్వినప్పుడు తీగకు ఆధారంగా కొంత మట్టిలోనే ఉంచి పూడుస్తారు. "మళ్లేడు గూడా తినాల గదా సారూ" అన్నాడు. సుస్థిరత అనే మాటకు నిఘంటువులో వెదికినా ఇంతకంటె సులభమైన వివరణ నాకు దొరకలేదు.

వర్షాకాలంలో, జూలై నుండి సెప్టెంబరు వరకు, ఈ జీపులను నిలిపివేస్తున్నారు. అది వన్యమృగాలు జతకట్టే కాలం, అడవి తిరిగి పచ్చబడే కాలం. ఇటువంటి విరామం మన దేశానికే పరిమితం కాదు. థాయిలాండులో మాయా బే అనే చిన్న సముద్రతీరం ఒక సినిమా వల్ల ప్రపంచప్రసిద్ధి పొంది, రోజుకు వేలకొలది యాత్రికుల తాకిడికి గురైంది. పడవల లంగర్లకు పగడపు దిబ్బలు విరిగి నాశనమయ్యాయి. 2018 జూన్‌లో ఆ ప్రభుత్వం దానిని పూర్తిగా మూసివేసింది. 2022 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు జనసంఖ్యకు హద్దు పెట్టింది. పడవలు తీరానికి నేరుగా రాకుండా వెనుకవైపున ఆపించింది. మూసిన కాలంలో సొరచేప పిల్లలు ఆ నీళ్లలోకి తిరిగి వచ్చాయి. మనిషి కాస్త పక్కకు జరిగితే ప్రకృతి తనంతట తాను చేసుకొనే వైద్యం ఎంతో ఉన్నది.

కాని ఆ మూడు నెలలు నా మార్గదర్శి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఈ ప్రశ్న అతనినే అడిగాను. "కూలికి పోతాం. లేకుంటే గడ్డలున్నాయి" అని నవ్వాడు. ఆ నవ్వు నన్ను తృప్తిపరచలేదు. అడవికి విశ్రాంతి ఇవ్వడం న్యాయమే. ఆ విశ్రాంతికి అయ్యే ఖర్చును అందరికంటె పేదవాడు ఒక్కడే భరించడం న్యాయం కాదు. మిగిలిన తొమ్మిది నెలల టిక్కెట్టు డబ్బులో కొంత వర్షాకాలపు కూలికి నిలువ పెట్టడం పెద్ద లెక్కేమీ కాదు. అదే థాయిలాండులో చియాంగ్‌మాయి దగ్గర మే కాంపాంగ్ అనే కొండ గ్రామం ఉన్నది. తేయాకు తోటల మీద బతికే ఆ ఊరివారు 2000 ప్రాంతంలో తమ ఇళ్లలోనే అతిథులకు బస ఇవ్వడం ప్రారంభించారు. అతిథి ఇచ్చే సొమ్ములో ఒక భాగం ఊరి ఉమ్మడి నిధికి పోతుంది. పేరు వచ్చినకొద్దీ ఆ ఊరికీ జనం ఒత్తిడి పెరిగిందనుకోండి. ఏ ఏర్పాటూ శాశ్వతంగా నిర్దుష్టం కాదు. అయినా లెక్క ఊరివారి చేతిలో ఉంటే పొరపాటు దిద్దుకొనే వీలు కూడా ఊరివారికే ఉంటుంది.

ఆ దేశం నుండే నేర్వవలసిన రెండో పాఠం ఒకటున్నది. దాని మే హాంగ్ సోన్ మండలంలో, బర్మా నుండి శరణార్థులుగా వచ్చిన కయాన్ తెగ స్త్రీలు మెడకు ఇత్తడి చుట్లు ధరించి కనబడతారు. వారిని చూడడానికే టిక్కెట్టు పెట్టి ఊళ్లు ఏర్పాటు చేశారు. మనుషులను జంతుప్రదర్శనశాలలో వలె చూపుతున్నారని లోకం విమర్శించింది. తుమ్మలబైలులో నాకు ఈ సంగతి గుర్తుకు వచ్చింది. ఎందుకంటే మా జీపు దిగగానే ఒకరు మా మార్గదర్శిని విల్లు, బాణం పట్టుకొని నిలబడమని అడిగారు. అతడు మర్యాదగానే తప్పించుకొన్నాడు. తరువాత నాతో, "వచ్చినోళ్లందరూ విల్లు పట్టుకోమంటారు సారూ. నాకొచ్చింది జీపు తోలడం. అది ఫోటో తియ్యమంటే ఎవురూ తియ్యరు" అన్నాడు. అతని మాటలో కోపం లేదు. చెంచు అంటే మన ఊహలో ఉన్న బొమ్మకు, ఎదుట నిలబడిన మనిషి సరిపోకపోతే, తప్పు మనిషిది కాదు. అతనికి తెలిసిన విద్యకు కూలి ఇచ్చి అడవిని గురించి నాలుగు మాటలు నేర్చుకోవడం ఒకటి. అతనినే వింతగా చూడడం మరొకటి. ఈ రెండింటి నడుమ గీత సన్ననిదే గాని, చూడదలచినవారికి కనబడుతుంది.

శివరాత్రి వచ్చినప్పుడు నల్లమలలో మరొక రకమైన ప్రయాణం సాగుతుంది. ఇది కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైలం వెళ్లే శివభక్తుల సమూహాలను వర్ణించాడు. గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడు. 1830 మేలో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు వైపు నుండి నాగలూటి, పెద్దచెరువుల మీదుగా శ్రీశైలం చేరి, ఆ అడవిదారిని తన గ్రంథంలో నమోదు చేశాడు. ఆ దారిలోనే నేటికీ వేలమంది కాలినడకన పోతారు. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకం ఈ పశ్చిమ ప్రకాశంలోనిదే. నడిచేవారి విశ్వాసాన్ని నేను గౌరవిస్తాను. చెప్పులు లేని పాదం అడవికి చేసే హాని దాదాపు శూన్యం. కాని నడిచేవారి చేతిలోని మంచినీళ్ల పొట్లం, మజ్జిగ గ్లాసు, పులిహోర పళ్లెం వారి పాదమంత మెత్తనివి కావు. పండితారాధ్య చరిత్రలోని భక్తుడు పారవేసినది మట్టిలో కలిసింది. మనం పారవేసినది మన మనుమల కాలానికి కూడా కలవదు. అన్నదానం చేసేవారి పుణ్యంలో వాటా ఎంగిలి ప్లాస్టిక్ తిన్న జింకకు ఏ రూపంలో దక్కుతుందో వారే ఆలోచించాలి.

ఈ సంగతిని గురించి తిరుగు ప్రయాణంలో దోర్నాల వద్ద ఒక అన్నదాన పందిరి నిర్వాహకునితో మాట్లాడాను. ఆయన నొచ్చుకోలేదు. పాతరోజులలో మోదుగ విస్తళ్లలోనే పెట్టేవాళ్లమనీ, ఇప్పుడు కుట్టేవారు దొరకక పట్నం నుండి పళ్లేలు తెప్పిస్తున్నామనీ చెప్పాడు. పక్కనే చింతపండు అమ్ముకొంటున్న చెంచు స్త్రీ మా మాటలు వింటున్నది. "కుట్టేవోళ్లు ల్యాకేం సామీ, అడిగేవోళ్లు ల్యాక" అన్నది. ఎన్ని కావాలని ఆయన అడిగితే ఎన్ని కుట్టగలరని ఆమె అడిగింది. కొంతసేపు ఇద్దరూ వేళ్లు మడిచి లెక్కలు వేసుకొన్నారు. శివరాత్రి నాటికి మోదుగ ఆకు రాలిపోయి చెట్టంతా ఎర్రని పూత పడుతుందట. అందుచేత ఆకును ముందే కోసి, నీడన ఆరబెట్టి, ఈనెలతో కుట్టి కట్టలు కట్టాలి. వచ్చే ఏడు విస్తళ్లు కావాలంటే కార్తీకం వెళ్లేలోపల గూడేనికి కబురు పెట్టాలనీ, సగం డబ్బు ముందే ఇవ్వాలనీ ఆమె ఖచ్చితంగా చెప్పింది. ఆయన జేబులోని చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకొన్నాడు.